నీళ్ళ తరుగు

2025 మార్చి 4, మంగళవారం

పాలు రెండు లీటర్లు కాచాను. ఇడ్లీ రెండు వాయలు. దుప్పట్లు మూడు ఉతికి ఆరేశాను. మినుములు ఎండబెట్టి, చెరిగి, డబ్బాకెత్తాను: ఆరు కిలోల నాలుగు వందలు. కూర బీరకాయ, రొయ్యపొట్టు వేసి. ఇంటికి వచ్చిన కొత్త సామాను: కారు ఇంజను ఒకటి.

రాజమండ్రిలో పాత సామాన్ల కొట్టు నుంచి వ్యానులో తెచ్చారు. నాలుగు సిలిండర్లట. దించేటప్పుడు ఈయన కింద చేతులు పెట్టారు, పసిపిల్లని అందుకున్నట్టు. జీవరాజు వెల్డింగ్ పని ఆపి వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు.

బావగారు పెదబాబు గారు చెరువుకి వెళ్తూ బండి ఆపారు. “ఏరా యుగంధరూ, ఇన్నాళ్ళూ మోటార్ సైకిల్ ఇంజనుతో గట్టు మీద గడ్డి కోశావు. ఇప్పుడు కారు ఇంజనుతో దుక్కి దున్నుతావా?” అన్నారు. అందరూ నవ్వారు. ఈయనా నవ్వారు.

మూడేళ్ళయింది ఈయన షెడ్డులో ఈ గైరో విమానం మొదలుపెట్టి. పగలు రొయ్యల చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు బాగుచేయడం, సాయంత్రం ఇది. ఎవరడిగినా ఒకటే చెబుతారు: “పైన పెద్ద రెక్క గాలికి దానంతటదే తిరుగుద్ది. ఇంజను వెనకుండి తోసుద్ది. అంతే.” పాత ఇంజను తోసింది కానీ చక్రాలు నేలని వదల్లేదు.

బరువుల లెక్క మాత్రం నాది. బోల్టు దగ్గర్నుంచి సీటు దాకా, కాటా మీద పెట్టి పుస్తకంలో ఎక్కించనిదే ఏదీ దానికి బిగించలేదు.

మార్చి 6, గురువారం

చేపల పులుసు. బట్టలు పద్నాలుగు. కాటా: ఏడు ట్రేలు.

ఇంజను మొత్తం విప్పి, కడిగి, ఆరబెట్టారు. చెరువులో రొయ్యలు పట్టిన రోజు తూచే పట్టుబడి కాటా బావగారింటి నుంచి తెప్పించి రొయ్యల ట్రేల్లోనే తూచాం. జీవరాజు ట్రే ఎత్తి పెట్టడం, నేను చదివి రాయడం. చెరువు దగ్గర ఎలా రాస్తానో అలాగే. ఇరవై రెండేళ్ళుగా బావగారి చెరువుల్లో ప్రతి పట్టుబడికీ పుస్తకం రాసేది నేనే. కొనేవాళ్ళు కూడా “రామలక్ష్మి గారు రాస్తే రెండో కాటా అక్కర్లేదండి” అంటారు. ఈ ఇంటికి వచ్చాక నాకంటూ దొరికిన మాట అదొక్కటే.

ఇంజను, దాని సామానుతో సహా: ఎనభై మూడు కిలోల ఆరు వందలు.

మార్చి 15, శనివారం

ఇంజను బిగించారు. వెనక తోసే ఫ్యాను ఇప్పుడు పెద్దది, పైరెక్కకి తగలకుండా దాన్ని మోసే స్తంభం, మాస్టు, తొమ్మిది అంగుళాలు పెంచాలట. జీవరాజు అతుకు వేశాడు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియలేదు.

మార్చి 22, శనివారం

పప్పు, వంకాయ. సీటు కవరు కుట్టాను.

పాత ఇంజను ఉన్నప్పుడు బండిని పైరెక్క బోల్టు దగ్గర గొలుసు వేసి దూలానికి వేలాడదీశారు. ఈయన సీట్లో కూర్చుంటే ముక్కు కొంచెం కిందికి దిగాలి. అప్పుడు సమంగా ఉన్నట్టు లెక్క. ఈసారి ఆ గొలుసు పుల్లీ దొరకలేదు, ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు పట్టుకెళ్ళారు. ఈయనకి తొందర. నా పుస్తకం ముందు పెట్టుకుని, వెనక ఎంత బరువు పెరిగిందో చూసి, సీటు నాలుగంగుళాలు ముందుకి జరపాలని తేల్చారు.

జీవరాజు తల గోక్కుంటూ నిలబడ్డాడు. “పుల్లీ వచ్చేదాకా ఆగి, నీళ్ళూ ఆయిలూ పోసి ఓసారి వేలాడదీద్దామండి. లేకపోతే మనసులో అనుమానం ఉండిపోద్ది.”

“మా ఆవిడ పుస్తకం ఉందిగా జీవరాజూ,” అన్నారు ఈయన.

నేను సీటు కవరు మీద నుంచి తలెత్తి అన్నాను: “ఏం జీవరాజూ, నా లెక్క మీద నీకు నమ్మకం లేదా?”

“అయ్యో, ఎంత మాటండి అమ్మగారండీ.”

నవ్వుతూనే అన్నాను. నవ్వుతూనే అన్నానని గుర్తు.

ఏప్రిల్ 3, గురువారం

వంట లేదు. ఈయన పడ్డారు. భీమవరం ఆసుపత్రిలో ఉన్నాం. ప్రాణానికి భయం లేదన్నారు.

ఏప్రిల్ 4, శుక్రవారం

మెడ దగ్గర కాలరు ఎముక, కుడి మణికట్టు. ఆరు వారాలు కట్టు.

బావగారి ఎండబెట్టిన చెరువులో ఎగిరించి చూశారు. అనుమతి లేదు కనుక గట్టు ఎత్తు దాటకూడదని ముందే అనుకున్నారు. పరుగెత్తింది. చక్రాలు నేలని వదిలాయి. నేను చప్పట్లు కొట్టాను. ముక్కు పైకి లేచింది. ఇంకా లేచింది. ఈయన నడిపే కర్ర ముందుకి తోయడం కనిపిస్తూనే ఉంది, ముక్కు దిగలేదు. తోక మీద కూలబడి పక్కకి ఒరిగిపోయింది. పైరెక్క నేలని కొడుతుంటే మట్టి మా మీద పడింది.

అందరికంటే ముందు పరుగెత్తింది జీవరాజు. పెట్రోలు కారుతుంటే బెల్టు కోసి ఈయన్ని బయటికి లాగాడు. సైలెన్సర్ తగిలి రెండు అరిచేతులూ కాలాయి. ఆసుపత్రిలో మందు రాయించుకోమంటే “ముందు బాబుగారిని చూడండి” అని గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఏప్రిల్ 7, సోమవారం

ఇంటికొచ్చాం. ఈయనకి అన్నం కలిపి పెట్టడం మూడు పూటలు, బొత్తాలు పెట్టడం రెండుసార్లు, మాత్రలు ఐదు.

బావగారు కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. “ఏం తప్పిందిరా?”

ఈయన పడుకునే వేళ్ళు మడిచారు. “ఇంజను బాగా లాగింది. ఫ్యాను బాగుంది. బరువుల లెక్క తనది, అందులో తప్పుండదు. మిగిలింది మాస్టు. పెంచిన చోట వెనక్కి వంగి ఉండాలి అన్నయ్యా.”

“అంటే జీవరాజు అతుకు.”

“వాడేమన్నా కావాలని చేశాడా.”

“కావాలని చేస్తే పోలీసు స్టేషను. చేతకాక చేస్తే పని మాన్పించడం. మన చెరువుల్లో షెడ్లూ స్టాండ్లూ అన్నీ వాడే కదా వేసేది? రేపు అవి ఎవరి నెత్తిన పడతాయో.”

మాస్టు పడ్డప్పుడే రెండు చోట్ల మెలి తిరిగింది. ముందు తిన్నగా ఉందో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

నేను బత్తాయి రసం తీశాను. ఐదు కాయలకి ఒక గ్లాసు వచ్చింది.

ఏప్రిల్ 8, మంగళవారం

బియ్యం ఏరాను. పుస్తకం చూడలేదు. చూడాల్సిన పని లేదు.

ఏప్రిల్ 10, గురువారం

పుస్తకం చూశాను. పదకొండు గంటలకి, ఈయన నిద్రలో ఉండగా. ఒకసారి కూడాను, సరిపోయింది. రెండోసారి కూడాను, సరిపోయింది. కూడికలో తప్పు లేదు. కాటా సరైనదే.

జీవరాజుకి ఇవ్వాల్సింది ఏమీ లేదు. కూలీ మొత్తం ఇచ్చేశాం.

ఏప్రిల్ 11, శుక్రవారం

కాటా సరైనదే.

ఏప్రిల్ 12, శనివారం

బట్టలు పదకొండు. మామిడికాయలు పాతిక, తుడిచి ముక్కలు కొట్టించాను.

ఈయన బరువుల పుస్తకం అడిగారు, మాస్టు లెక్క ఇంకోసారి చూసుకోవాలట. కనపడలేదని చెప్పాను. చెరువు దగ్గర గందరగోళంలో పోయి ఉంటుందన్నాను. కనపడలేదనడం అబద్ధం కాదు. బియ్యం డబ్బా అడుగున ఉన్నది ఎవరికి కనపడుతుంది?

“పోతే పోయిందిలే, అందులో తప్పేముంది గనక,” అన్నారు.

ఏప్రిల్ 14, సోమవారం

ఇది ఒక్కసారే రాస్తాను.

పట్టుబడిలో ట్రేకి మూడు కిలోలు తరుగు తీస్తాం. ట్రే రెండు, రొయ్యకి అంటుకున్న నీళ్ళు ఒకటి. చెయ్యి అలవాటు పడిపోయింది, కాటా ముల్లు ఆగకముందే మూడు తీసేస్తుంది. ఇంజను ముక్కలు ఎండలో ఆరబెట్టినవి. వాటికి నీళ్ళెక్కడివి? అయినా ఏడు ట్రేలకీ మూడేసి తీశాను. ఏడు కిలోలు లేని నీళ్ళకి పోయాయి.

ఉన్న నీళ్ళకి ఏమీ రాయలేదు. రేడియేటరులో, ఇంజనులో కలిపి నాలుగున్నర లీటర్లు పడతాయి. ఆయిలు మూడు లీటర్లు. మా లెక్కలో నీళ్ళు ఎప్పుడూ బరువు కాదు. నీళ్ళకి ఎవరు డబ్బిస్తారు?

ఏడు, నాలుగున్నర, ఆయిలుకి రెండు కిలోల ఏడు వందలు. పద్నాలుగు కిలోల రెండు వందలు. అదంతా ఈయన వీపు వెనక.

ఎక్కడా కూడిక తప్పలేదు. ప్రతి అంకె పక్కనా నా చేతిరాత.

ఏప్రిల్ 20, ఆదివారం

ఈస్టరు. ఏటా జీవరాజు భార్య బేబి చర్చి నుంచి వస్తూ కేకు తెచ్చి ఇస్తుంది. ఈసారి కేకు లేదు. ఉత్త చేతులతో వచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది.

“అమ్మగారండీ, ఆయన మా ఇంటి గుమ్మాలకి కూడా దారానికి గుండు కట్టి వేలాడదీసి చూత్తన్నారండి. తలుపులు వంకరగా ఉన్నాయా అని నన్నడుగుతారు. చర్చి గేటు ఆయనే వేశారు కదండీ, ఇయ్యాల ఆరాధన అవుతుంటే బయటికెళ్ళి గేటుకి కూడా దారం పట్టారు. కుర్రాళ్ళు నవ్వుతున్నారండి.”

“కళ్ళు చూపించకపోయారా?”

“చూపించామండి. అక్షరాలన్నీ చదివేశారు. అయినా నమ్మట్లేదు. ‘డాక్టరు గారి అక్షరాలు కదలవే బేబీ, నిప్పు కదులుద్ది’ అంటారు. పెదబాబు గారు చెప్పాక ఒక్క చెరువోళ్ళు కూడా పిలవలేదండి. అది పోనీండి. మడిసి తనని తనే నమ్మకపోతే ఏం చెయ్యనండి?”

కొత్త ఆవకాయ సీసా ఒకటి ఇచ్చాను. కిలో ఉంటుంది.

కిలో ఆవకాయ.

ఏప్రిల్ 26, శనివారం

జీవరాజే వచ్చాడు. అరిచేతుల మీద కొత్త చర్మం గులాబీ రంగులో ఉంది. ఈయన మంచం దగ్గర కింద కూర్చోబోతే కుర్చీ వేయించారు.

“మనసులో పెట్టుకోకండి బాబుగారూ. అతుకు నాదే కదండీ. ఆ రోజు నా కంటికి తిన్నగానే అగుపడింది. ఇప్పుడు ఆలోచిస్తే అగుపడిందో, అగుపడాలనుకున్నానో తెలవట్లేదండి.”

వెల్డింగ్ మిషను అమ్మేస్తున్నాడు. పాలకొల్లు నుంచి ఎవరో మే ఆరున వచ్చి పట్టుకెళ్తారట. తర్వాత ఐసు ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరతాడు. ఈయన ఎడమ చేత్తో అతని భుజం పట్టుకున్నారు, ఏడ్చారు. నేను లోపలికి వెళ్ళి పప్పు కడిగాను. కడిగిన పప్పే మళ్ళీ కడిగాను.

వెళ్ళేటప్పుడు అతను నన్ను చూసి అన్నాడు: “ఆ రోజు పుల్లీ కోసం ఆగుదామన్నానని మీరు బాధపడ్డారండి. మీ లెక్కకి వంక పెట్టేంతటోణ్ణి కాదండి నేను.”

జీవరాజుకి ఇవ్వాల్సింది ఏమీ లేదు అని నేనే రాశాను, పదో తారీఖున.

మే 1, గురువారం

రేపు చెబుతాను.

మే 2, శుక్రవారం

ఇంట్లో పనులు ఎక్కువ. బట్టలు తొమ్మిది, గిన్నెలు, మంచం నవారు బిగించడం. కుదరలేదు.

తొమ్మిది బట్టలు గంటలో అయిపోయాయి.

మే 5, సోమవారం

పాలు రెండు లీటర్లు. క్యారేజీలు నాలుగు. బావగారి పడమటి చెరువు పట్టుబడి, పుస్తకం రాయడానికి వెళ్ళాను. సంచిలో పట్టుబడి పుస్తకంతో పాటు రెండోది కూడా పెట్టుకున్నాను. బియ్యం డబ్బాలోంచి తీసి పిండి దులిపాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పుడు నాకే సరిగా తెలియదు.

తెల్లవారకముందే వల లాగారు. ఆరింటికి కాటా మొదలైంది. ఈయన కూడా వచ్చారు, మెళ్ళో గుడ్డ కట్టుతో, గట్టు మీద కుర్చీలో. యాభై ట్రేలు దాటాక ఒక ఏరేటరు స్టాండు విరిగిందని పనివాడొకడు వచ్చి చెప్పాడు.

“జీవరాజుని పిలవమంటారా అండి?”

“వద్దురా నాయనా,” అన్నారు బావగారు. “వాడు అతుకేస్తే ఏరేటరు కూడా ముక్కు పైకెత్తి వెనక్కి పడుద్ది.”

గట్టంతా నవ్వింది. కొనడానికి వచ్చినవాళ్ళు, వల లాగినవాళ్ళు, ఐసు కొడుతున్నవాళ్ళు అందరూ. అదే సమయానికి కాటా దగ్గర మనిషి “ట్రే రెండు, నీళ్ళు ఒకటి, మూడు తరుగు!” అని అరిచాడు. నా చెయ్యి ముప్ఫై రెండులోంచి మూడు తీసేసి ఇరవై తొమ్మిది రాసేసింది. నేను చూస్తుండగానే రాసేసింది.

పెన్ను కింద పెట్టాను.

“బావగారూ, ఒక్క నిమిషం కాటా ఆపించండి.”

“రొయ్య మెత్తబడిపోద్ది అమ్మాయ్, ఏంటి?”

“ఆపించండి.”

ఆయనతో నేను అలా మాట్లాడటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. కాటా ఆగింది. రెండో పుస్తకం తీసి నిలబడి చదివాను. ఏడు ట్రేలు, ట్రే ట్రేకీ ఎంత ఉంది, ఎంత తీశాను, నీళ్ళు రాయలేదు, ఆయిలు రాయలేదు. పద్నాలుగు కిలోల రెండు వందలు వెనక బరువు తక్కువ చూపించాను. ఆ లెక్కనే నమ్మి సీటు తక్కువ జరిపారు. ఆగి వేలాడదీద్దామన్నది జీవరాజు ఒక్కడే, అతని నోరు మూయించింది నేను. మాస్టులో తప్పుందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. లెక్కలో తప్పుందనడానికి ఆధారం నా చేతిలో ఉంది. మధ్యలో ఆగి నీళ్ళు తాగి మళ్ళీ చదివాను.

ఎవరూ నవ్వలేదు. కొనుగోలుదారు ఒకాయన పక్కవాడితో మెల్లగా అన్నాడు, “రెండో కాటా పెట్టించండి.” మెల్లగానే అన్నాడు గానీ వినిపించింది. బావగారు టవలుతో ముఖం తుడుచుకుని, “ఇంత మందిలోనా చెప్పడం? ఇంట్లో చెబితే సరిపోయేది కదా,” అన్నారు.

“అతని పేరు ఇక్కడే కదండీ పోయింది,” అన్నాను.

మిగతా పుస్తకం బావగారి చిన్నమ్మాయి రాసింది. రెండు కాటాలతో.

ఈయన ఇంటి గేటు దగ్గర ఆగి, “ఎప్పుడు తెలిసింది?” అన్నారు.

“పదో తారీఖున.”

“ఇరవై ఐదు రోజులు.”

లెక్క సరిగ్గానే ఉంది.

“ఎముక సంగతి కాదు రామలక్ష్మీ,” అన్నారు. “వాడు నా ముందు కూర్చుని తప్పు తనదేనంటే నేను ఏడ్చాను. నువ్వు లోపల పప్పు కడుగుతున్నావు. నాకు ఆ చప్పుడు వినపడింది.”

మే 6, మంగళవారం

పొద్దున్నే వంట చేసి మూత పెట్టి జీవరాజు ఇంటికి నడిచాను. ఇరవై రెండేళ్ళలో వాళ్ళ ఇంటికి వెళ్ళడం ఇదే మొదలు. మిషను కడిగి, పైన పట్టా కప్పి ఉంది. చెరువు దగ్గర సంగతి రాత్రే తెలిసిందట. అయినా నా నోటితో చెప్పాలి కనుక మొత్తం చెప్పాను, పుస్తకం తెరిచి.

అతను విన్నాడు. లోపలికి వెళ్ళి సూదీ దారం తెచ్చుకుని, వెలుగులోకి తిరిగి నిలబడ్డాడు. మొదటిసారి తప్పింది. రెండోసారి దారం ఎక్కింది.

“బేబీ, చూశావా?” అన్నాడు.

బేబి చూడలేదు. నన్నే చూస్తోంది. “ఈస్టరు రోజు మీ గుమ్మంలో నిలబడ్డానండి. అప్పటికి మీకు తెలుసాండి?”

“తెలుసు.”

“తెలిసే ఆవకాయ ఇచ్చారా?”

“అవును.”

ఆమె లోపలికి వెళ్ళి సీసా తెచ్చి నా ముందు పెట్టింది. మూత తీయలేదు. “ఇది పట్టుకెళ్ళిపోండి. మీరు చెప్పిన మాట ఉంచుకుంటాం.”

“ఊరుకోవే,” అన్నాడతను.

“ఊరుకోనండి. నెల రోజులు ఊరుకున్నాను.”

తప్పు నాదే అన్నాను. క్షమించమన్నాను. ఆ మాట అనడానికి ఎంతసేపు పట్టిందో రాయను. పాలకొల్లు మనిషి ఆటోలో వచ్చి బయట హారను కొట్టాడు. జీవరాజు గారు బయటికి వెళ్ళి, “బేరం లేదండి, మిషను ఉంచేసుకుంటన్నానండి,” అన్నారు. ఆ మనిషి తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. పట్టా తీసి మడతపెడుతుంటే రెండో చివర నేను పట్టుకున్నాను. వద్దనలేదు.

సీసా తెచ్చుకున్నాను. పైన అరలో పెట్టాను. ఈయన అడిగితే చెప్పాను.

మే 24, శనివారం

పాలు రెండు లీటర్లు. అట్లు పన్నెండు. బట్టలు పది. కందిపప్పు డబ్బాకెత్తాను: మూడు కిలోలు.

కట్టు విప్పి వారం అయింది. ఈయన నాతో మాట్లాడుతున్నారు, మునుపటంత కాదు. బొత్తాలు ఆయనే పెట్టుకుంటున్నారు. బావగారి తూర్పు చెరువు నిన్న పట్టుబడి పట్టారు, నాకు కబురు రాలేదు. రాదు. అక్కడ విరిగిన స్టాండ్లు నాలుగు జీవరాజు గారు అతికారని పాలవాడు చెప్పాడు.

కొత్త మాస్టు జీవరాజు గారే వేశారు. ఇవాళ పుల్లీ తెచ్చారు. “నీళ్ళు పోసే వేలాడదీద్దామండి,” అన్నారు నా వైపు చూసి. నీళ్ళు నాలుగున్నర లీటర్లు, ఆయిలు మూడు, చెంబుతో కొలిచి పోశాం. ఇంజను మళ్ళీ తూచాం, నేను అంకె చదవడం, ఆయన వంగి తన కంటితో చూసి “సరే” అనడం, ఆ తర్వాతే రాయడం. తొంభై ఏడు కిలోల ఎనిమిది వందలు. తరుగు లేదు. బ్యాటరీ ముక్కు దగ్గరికి మార్చి, సీటు ఇంకో మూడంగుళాలు జరిపారు. ఈయన ఎక్కి కూర్చున్నారు. గొలుసు లాగితే నేల వదిలి, కాసేపు ఊగి, ముక్కు కొంచెం కిందికి దించి నిలబడింది.

జీవరాజు గారు మాస్టుకి దారం పట్టి చూశారు. దారం తీసేసి మళ్ళీ ఉత్త కంటితో చూశారు. దారం చుట్టి జేబులో వేసుకున్నారు.

ఏప్రిల్ పదిన రాసింది కొట్టేసి సరిగా రాస్తున్నాను:

జీవరాజు గారికి ఇవ్వాల్సింది: ఒక మాట. మే 5న చెరువు గట్టు మీద సగం, మే 6న ఆయన ఇంట్లో సగం. ఆలస్యం ఇరవై ఐదు రోజులు, అది నా పద్దు కిందే ఉంటుంది. బాకీ చెల్లు.